ఆ జంట తీగ ఎంత మోయగలదు?

మిర్చి సీజన్‌లో గుంటూరులో బ్యాంకు లైను పడిపోతే ఎలా ఉంటుందో ఆ ఊరివాళ్ళకు చెప్పనక్కర్లేదు. యార్డులో సరుకు అమ్ముకొచ్చిన రైతు చెక్కు పట్టుకుని కౌంటరు ముందు నిలబడి ఉంటాడు. లోపల మేనేజరు నాకు ఫోను చేస్తుంటాడు. “మేడం, లింకు లేదు.” ఇంటర్నెట్ లేదని ఎవరూ అనేవారు కాదు. లింకు లేదనే అనేవారు. బ్రాంచికీ, ఎక్కడో మహానగరంలో ఉన్న వాళ్ళ సర్వరుకీ మధ్య రాత్రీ పగలూ నిలబడి ఉండాల్సిన లీజు లైను అది. టెలికాం ఇంజినీరుగా నా ఉద్యోగంలో ఎక్కువ భాగం ఆ లీజు లైన్ల దగ్గరే గడిచింది.

2005 జనవరిలో బీఎస్‌ఎన్‌ఎల్ డేటావన్ వచ్చాక ఇంటింటికీ డీఎస్‌ఎల్ అనే మాట తెలిసింది. టెలిఫోను తీగ మీదే ఇంటర్నెట్, అదే తీగ మీద ఫోను కూడా. ఆ సంబరంలో అదే కేబుల్లో, అదే ఎక్స్ఛేంజిలో పనిచేస్తున్న ఇంకో రకం డీఎస్‌ఎల్ ఊసు పెద్దగా ఎవరూ ఎత్తలేదు. దాన్ని ఎస్‌హెచ్‌డీఎస్‌ఎల్ అంటారు. వెళ్ళే వేగమూ వచ్చే వేగమూ అందులో ఒకటే. బ్యాంకులు, ఎల్ఐసీ ఆఫీసులు, టికెట్ బుకింగు కౌంటర్లు, ఫ్యాక్టరీల సొంత ఫోను ఎక్స్ఛేంజిలైన ఈపీఏబీఎక్స్‌లు నడిచింది ఎక్కువగా ఇలాంటి లైన్ల మీదే.

ఇంటి బ్రాడ్‌బ్యాండులో దిగేది ఎక్కువ, ఎక్కేది తక్కువ. మనం చూసేది ఎక్కువ, పంపేది తక్కువ కాబట్టి అలా పెట్టారని చాలామంది అనుకుంటారు. అది సగం సంగతే. మిగతా సగం రాగి కేబుల్లో ఉంది. అమెరికాలో బెల్‌కోర్ సంస్థలో పనిచేసిన జోసెఫ్ లెక్లైడర్ అనే ఇంజినీరు దాన్ని పట్టుకున్నాడు. ఒక్కో లైనుకు రెండు తీగల జంట ఒకటి. ఒకే కేబుల్లో అలాంటి జంటలు వందలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఎక్స్ఛేంజి నుంచి బయల్దేరే సిగ్నల్ బలంగా ఉంటుంది. మూడు కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చేసరికి సిగ్నల్ నీరసించి ఉంటుంది. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఉంటే, పక్క జంటలో అప్పుడే బయల్దేరిన బలమైన సిగ్నల్ మన జంటలోకి కారి, నీరసంగా వచ్చిన దాన్ని మింగేస్తుంది. ఒక దిశను తగ్గించి, రెండు దిశలకూ వేరువేరు ఫ్రీక్వెన్సీలు ఇస్తే ఆ గొడవ చాలావరకు తప్పుతుంది. ఇంటి ఏడీఎస్‌ఎల్ అలా పుట్టింది. తర్వాతి రకంలో దిగే వేగం 24 మెగాబిట్ల దాకా వెళ్ళింది.

ఎస్‌హెచ్‌డీఎస్‌ఎల్ ఆ తెలివిని కావాలనే వదులుకుంటుంది. రెండు దిశలూ ఒకే ఫ్రీక్వెన్సీలు వాడతాయి. ఎదురెదురుగా కూర్చుని ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతూనే ఒకరి మాట ఒకరు వినడం లాంటిది. మోడెం తాను పంపింది తనకు తెలుసు కనుక, వచ్చిన కలగాపులగంలోంచి దాన్ని తీసేసి మిగిలింది చదువుకుంటుంది. అయితే తన గొంతునే తీసేయగలదు, పక్క జంటలోది తీయలేదు. అందుకే ఇక్కడ వేగాలు తక్కువ. 24 మెగాబిట్లు ఎక్కడ, మన 2 ఎక్కడ అని కొత్తగా చేరిన కుర్రాళ్ళు నవ్వేవారు. నవ్వనిచ్చేదాన్ని. బ్యాంకు లైను మూడు నెలలు చూశాక నవ్వు దానంతటదే పోయేది.

ఇంకో తేడా కస్టమర్లకు అస్సలు నచ్చేది కాదు. ఏడీఎస్‌ఎల్ కింది ఫ్రీక్వెన్సీలను ఫోనుకు వదిలేసి పై నుంచి మొదలవుతుంది. ఎస్‌హెచ్‌డీఎస్‌ఎల్ అడుగు నుంచే మొత్తం ఆక్రమిస్తుంది. కాబట్టి ఆ జంట మీద ఫోను ఉండదు. “ఇంట్లో ఫోనూ నెట్టూ ఒకే తీగ మీద వస్తున్నాయి కదా, ఆఫీసుకెందుకు రావు?” అని అడిగిన వాళ్ళందరికీ ఇదే జవాబు చెప్పాను. ఎవరూ నమ్మినట్టు కనిపించలేదు.

దీని వంశం పాతదే. 30 గొంతులను 2,048 కిలోబిట్ల ప్రవాహంగా మార్చి ఒక ఎక్స్ఛేంజి నుంచి ఇంకోదానికి పంపే పీసీఎం పద్ధతిలో, రాగి కేబుల్ మీద సుమారు 1.8 కిలోమీటర్లకో సిగ్నల్‌కు మళ్ళీ బలమిచ్చే రిపీటరు పెట్టాల్సి వచ్చేది. మ్యాన్‌హోల్లో నీళ్ళు నిండితే రిపీటరూ పోయేది, ప్రాణమూ పోయేది. 1990ల మొదట్లో వచ్చిన హెచ్‌డీఎస్‌ఎల్ చాలాచోట్ల రిపీటరు అవసరం తీసేసింది, కానీ ఒక జంట చాలదంది. రెండో మూడో కావాలంది. 2001లో అంతర్జాతీయ టెలికాం సంఘం జి.991.2 అనే ప్రమాణాన్ని ఆమోదించింది. దాంతో ఒకే జంట మీద 192 కిలోబిట్ల నుంచి 2,312 కిలోబిట్ల దాకా, 8 కిలోబిట్ల మెట్లుగా, ఎంత కావాలంటే అంత పెట్టుకునే వీలు వచ్చింది. 2003 సవరణ దాన్ని 5,696 దాకా పెంచింది. అంత పై వేగం మా పాత కేబుళ్ళలో మాకు పెద్దగా అక్కరకు రాలేదు.

ఇక ఆకృతీకరణ, అంటే మేం కాన్ఫిగరేషన్ అనేది. ఎక్స్ఛేంజిలో డీస్లామ్ అనే పెట్టె ఉంటుంది. అందులో కార్డులు, కార్డులో పోర్టులు. ఒక్కో పోర్టు నుంచి ఒక్కో జంట తీగలన్నీ చేరే ఎండీఎఫ్ అనే చట్రానికి వెళ్ళి, అక్కడి నుంచి జంపరు, కేబులు, వీధిలోని పిల్లరు పెట్టె, స్తంభం మీది డీపీ పెట్టె, డ్రాప్‌వైరు దాటి కస్టమరు మోడెం చేరుతుంది. డీస్లామ్‌లో ముందుగా ఒక ప్రొఫైల్ తయారు చేస్తాం. ఎన్ని తీగలు, కనీస వేగం, గరిష్ఠ వేగం, ఎంత మార్జిన్, తీగలోకి కరెంటు పంపాలా వద్దా, క్లాకు ఎవరిది. దాన్ని పోర్టుకు తగిలించి యాక్టివేట్ అంటే అయిపోయింది. చేయి తిరిగినవాళ్ళకు ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల్లో కొట్టే ప్రతి అంకె వెనకా బయట భూమిలో ఒక నిజం ఉంటుంది. అది తెలియకుండా కొడితే లైను సాయంత్రానికి పడిపోతుంది.

అందుకే నేను కీబోర్డు ముట్టుకునే ముందు జంటను కొలిపించేదాన్ని. మా జాయింటరు ఒకాయన ఉండేవారు, నాకన్నా బాగా పెద్ద. బాబాయ్ అనేదాన్ని. అవతలి చివర తీగలు రెండూ కలిపి ఫోను చేసేవారు. ఇక్కణ్ణుంచి నేను మీటరు పెట్టేదాన్ని. 0.4 మిల్లీమీటర్ల తీగ అయితే రానూ పోనూ కలిపి కిలోమీటరుకు 275 ఓమ్‌లకు కాస్త అటూ ఇటూ చూపిస్తుంది. 0.5 అయితే సుమారు 175. తర్వాత చివరలు విప్పించి ఇన్సులేషనూ, కెపాసిటెన్సూ చూసేవాళ్ళం. కెపాసిటెన్సు కిలోమీటరుకు 50 నానోఫారాడ్ల చుట్టూ ఉంటుంది. ఓమ్‌ల లెక్కలో 2 కిలోమీటర్లు తేలి, కెపాసిటెన్సు లెక్కలో 3 తేలితే ఆ అదనపు కిలోమీటరు ఎక్కడిది? ఎప్పుడో పాత కనెక్షన్ ఇచ్చి విప్పకుండా వదిలేసిన కొమ్మ ఎక్కడో పిల్లర్లో వేలాడుతూ ఉందన్నమాట. కరెంటు దానిలోకి వెళ్ళి తిరిగి రాదు కనుక ఓమ్‌లకు అది కనబడదు. సిగ్నల్ మాత్రం అందులోకి వెళ్ళి, చివర తగిలి, వెనక్కొచ్చి అసలు దాన్ని చెడగొడుతుంది. ఫోను మాట్లాడేవాడికి అలాంటి కొమ్మ ఉన్నా తెలియదు. మోడెంకు తెలుస్తుంది.

“అమ్మా, దీని మీద రెండు ఎంబీ రాదు, ఒకటి పెట్టుకోండి,” అని బాబాయ్ అనేవారు, ఒక్కోసారి నేను మీటరు చూడకముందే. ఏ పిల్లరు ఏ వానకు మునుగుతుందో, ఏ జాయింటు ఎవరు కట్టారో ఆయనకు తెలుసు. ఆ జ్ఞానానికి డీస్లామ్ తెర మీద గడి లేదు.

వేగం ఎంచుకోవడంలో ఒక చిన్న లెక్క ఉంది. మామూలు ఎస్‌హెచ్‌డీఎస్‌ఎల్ ఒక్కో సంకేతంలో 3 బిట్ల సమాచారం పంపుతుంది. 2,048 కిలోబిట్లు కావాలంటే నిర్వహణకు మరో 8 కలిపి 2,056. దాన్ని మూడుతో భాగిస్తే సెకనుకు సుమారు 6,85,000 సంకేతాలు. అంటే సిగ్నల్ సత్తువ చాలావరకు 343 కిలోహెర్ట్జుల లోపల పరుచుకుంటుంది. వేగాన్ని 1,024కు దించితే అది 172కు కుదించుకుపోతుంది. రాగి తీగ ఎత్తు ఫ్రీక్వెన్సీలను ఎక్కువగా తినేస్తుంది, కింది వాటిని తక్కువగా. కాబట్టి వేగం సగం చేస్తే దూరం బాగా పెరుగుతుంది. 0.4 తీగ మీద 2 ఎంబీకి మూడు కిలోమీటర్లు దాటితే నేను ఒప్పుకునేదాన్ని కాదు. 192 కిలోబిట్లయితే దానికి రెట్టింపు దూరంలోనూ నిలబడేది.

కనీస వేగం, గరిష్ఠ వేగం వేరువేరుగా ఇస్తే, మోడెములు రెండూ లైనును తట్టి చూసుకుని మధ్యలో ఎక్కడో కుదుర్చుకుంటాయి. కొత్తవాళ్ళకు ఇది చాలా తెలివైన పద్ధతిలా కనిపిస్తుంది. ఇంటర్నెట్ లైనుకు నిజంగా మంచిదే. 2,048 అని రాసిచ్చిన లీజు లైనుకు మాత్రం పనికిరాదు. పొద్దున 2,048తో లేచిన లైను, మధ్యాహ్నం ఒకసారి తెగి 1,792తో లేస్తే, వెనకున్న పరికరానికి అది లైనే కాదు. కాబట్టి రెండు గడుల్లోనూ ఒకే అంకె పెట్టాలి. అప్పుడు లైను లేస్తే ఆ వేగంతో లేస్తుంది, లేదంటే అసలు లేవదు. లేవకపోవడమే నయం, తప్పు ఎక్కడుందో వెంటనే తెలుస్తుంది. లేవనప్పుడు రెండో దారి ఉంది. నాలుగు తీగలు, అంటే రెండు జంటలు, ఒక్కో దానిపై 1,024. ఇక్కడో తిరకాసు. నాలుగు తీగల పద్ధతిలోనే రెండు రకాలున్నాయి. ప్రమాణంలో ఉన్నదొకటి, కొందరు తయారీదారులు సొంతంగా పెట్టుకున్నదొకటి. డీస్లామ్ ఒక కంపెనీది, మోడెం ఇంకో కంపెనీది అయినప్పుడు, రెండు జంటలూ భేషుగ్గా ఉన్నా లైను లేవకపోతే ముందు ఆ గడి చూడాలి.

మార్జిన్ మీద నాకూ పైవాళ్ళకూ ఎప్పుడూ పేచీయే. మార్జిన్ అంటే ఇప్పుడున్న గోల ఇంకెంత పెరిగినా లైను తట్టుకుంటుందో చెప్పే అంకె. తట్టుకోవడం అంటే కోటి బిట్లకు ఒక తప్పు మించకపోవడం. 6 డెసిబెల్స్ ఇస్తే గోల నాలుగింతలైనా పర్వాలేదు. దాన్ని 3కు, 2కు తగ్గిస్తే లేవని లైను కూడా లేస్తుంది, కనెక్షన్ ఇచ్చేశామని నెలాఖరు రిపోర్టులో రాసుకోవచ్చు. ఫిబ్రవరిలో అలా లేపిన లైన్లు మేలో నా నెత్తిన పడేవి. రాగి నిరోధకత డిగ్రీకి సుమారు 0.39 శాతం పెరుగుతుంది. 20 డిగ్రీల దగ్గర ఉన్నది 45కు వచ్చేసరికి పదో వంతు పెరిగినట్టే. భూమిలో కేబులు అంత వేడెక్కదు. స్తంభం నుంచి మేడ మీదుగా ఎండలో వేలాడే డ్రాప్‌వైరు ఎక్కుతుంది. పైగా ఈరోజు ఆ కేబుల్లో మన లైను ఒక్కటే ఉండొచ్చు. ఏడాదికి పక్క జంటల్లో ఇంకో పది వస్తాయి, వాటి గోల అప్పుడు మొదలవుతుంది. అందుకే 6 కన్నా కిందికి నేను దింపలేదు. చాలకపోతే వేగం తగ్గించి రాసుకోమనేదాన్ని. కస్టమరుకు కోపం వచ్చేది, లైను మాత్రం ఉండేది.

అన్నింటికన్నా నాకిష్టమైన గడి కరెంటుది. దాంట్లో మూడు అవకాశాలుంటాయి. ఏమీ పంపొద్దు, రిపీటరు నడవడానికి సరిపడా పంపు, తడి కరెంటు పంపు. ఈ మూడోదాన్ని చాలామంది పట్టించుకోరు. మామూలు ఫోను లైను మీద ఎక్స్ఛేంజి బ్యాటరీ 48 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి. రిసీవరు ఎత్తినప్పుడల్లా తీగలో కరెంటు పారుతుంది. ఎస్‌హెచ్‌డీఎస్‌ఎల్ జంటలో సిగ్నల్ తప్ప అలాంటి కరెంటు ఏదీ ఉండదు. చేత్తో మెలిపెట్టి కట్టిన జాయింట్లలో కాలం గడిచేకొద్దీ రాగి మీద సన్నటి తుప్పు పొర ఏర్పడుతుంది. ఫోను లైన్లో ఆ కరెంటు పొరను ఛేదిస్తూ పోతుంది. ఇక్కడ ఛేదించేది లేదు.

ఊరి బయట ఒక కోల్డ్ స్టోరేజీకి ఇచ్చిన లైను కొన్ని నెలలు బాగానే ఉండి, మెల్లగా తప్పులు మొదలెట్టేది. బాబాయ్ వెళ్ళి జాయింటు విప్పి మళ్ళీ కట్టేవారు. బాగయ్యేది. మళ్ళీ కొన్ని నెలలకు అదే కథ. విప్పి కడితే పొర రాలిపోతోంది, అంతే. ప్రొఫైల్లో తడి కరెంటు వేశాం. అవతలి మోడెం కూడా దాన్ని తీసుకునే రకమై ఉండాలి, అదృష్టవశాత్తూ అది అలాంటిదే. కొద్ది మిల్లీయాంపియర్లు, అంతకుమించి కాదు. ఆ లైను మీద ఆ ఫిర్యాదు తర్వాత రాలేదు. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. రిపీటరుకు పంపే వోల్టేజీ ఫోను వోల్టేజీకి బాగా ఎక్కువ. ఆ గడి మార్చేముందు స్తంభం మీద ఎవరైనా ఉన్నారేమో అడగకుండా నేను ఎంటరు నొక్కలేదు.

ప్రొఫైల్లో ఇక మిగిలింది క్లాకు, దాని సంగతి త్వరగా చెప్పేస్తాను. 2,048 కిలోబిట్ల లైనుకు గడియారంలో పది లక్షలకు 50 వంతుల దాకా తేడాను ప్రమాణం ఒప్పుకుంటుంది. రెండు చివరలా ఎవరి గడియారం వాళ్ళదే అయి, ఒకటి ముందుకూ ఒకటి వెనక్కూ ఉంటే, సెకనుకు 200 బిట్ల పైచిలుకు తేడా వస్తుంది. 256 బిట్ల ఫ్రేము ఒకటి సుమారు ఒకటింబావు సెకనుకోసారి జారిపోతుంది. మాటల్లో టిక్కు టిక్కుమంటుంది, ఫ్యాక్సు సగంలో చెడుతుంది. లైను చూస్తే పచ్చ దీపం, మార్జిన్ బ్రహ్మాండం. ఎక్స్ఛేంజి క్లాకునే అందరూ పాటించాలని ఒక్క గడిలో చెబితే సరిపోతుంది.

లైను లేచాక అసలు చదువు మొదలవుతుంది. డీస్లామ్ ప్రతి పదిహేను నిమిషాలకూ తప్పులు లెక్కపెట్టి దాచుకుంటుంది. రోజుకు 96 గడులు. తప్పు దొర్లిన సెకన్లు, బాగా తప్పులు దొర్లిన సెకన్లు, లైను అసలు లేని సెకన్లు. అలారం ఎప్పుడు మోగాలో ప్రొఫైల్లో మనమే పెట్టాలి. చాలామంది అలారం మోగేదాకా అటు చూడరు. నేను మొత్తం జాబితా చూసేదాన్ని, అందులో మనుషులు కనబడతారు. ఒక లైన్లో తప్పులు పొద్దున తొమ్మిదిన్నరకు మొదలై సాయంత్రం ఆరుకు ఆగేవి. మధ్యలో ఒకటిన్నర నుంచి రెండుంబావు దాకా సున్నా. ఆదివారం అసలే లేవు. భోజనానికి వెళ్ళే నాయిజు ఏమిటా అని డీపీ దగ్గరికి వెళ్ళి చూస్తే, స్తంభం కింద వెల్డింగు షాపు. ఆయన తప్పేముంది, ఆయన పని ఆయన చేసుకుంటున్నాడు. లైనునే పక్క వీధి డీపీకి మార్చాం.

ఇప్పుడు ఆ బ్యాంకులన్నిటికీ ఫైబరు వచ్చింది. రావలసిందే. గాజు పోగు ముందు ఈ రెండు ఎంబీల గొడవ చెప్పుకుంటే నవ్వు వస్తుంది. అయినా ఎస్‌హెచ్‌డీఎస్‌ఎల్ పోలేదు. తవ్వి ఫైబరు వేయడం దండగ అనిపించే చోట, అప్పటికే మంచి రాగి ఉన్న చోట అది ఉంది. రైలు పట్టాల వెంట వేసిన క్వాడ్ కేబుల్లో తీగ 0.9 మిల్లీమీటర్లది. రానూ పోనూ కలిపి కిలోమీటరుకు 55 ఓమ్‌లే, మా ఊరి సన్న తీగతో పోలిస్తే ఐదో వంతు. అలాంటి తీగ మీద ఈ మోడెములు చాలా దూరం పోతాయి. ఈథర్నెట్‌ను నేరుగా ఇలాంటి జంట మీద నడిపే పద్ధతి 2004లోనే ఐఈఈఈ ప్రమాణంలోకి వచ్చింది. 2.7 కిలోమీటర్లకు 2 మెగాబిట్లు దాని లక్ష్యం. అందుకని ఫ్యాక్టరీ గేటు కెమెరాకూ, నీళ్ళ ట్యాంకు దగ్గర పంపుహౌసుకూ ఇంకా దీన్ని పెడుతూనే ఉన్నారు.

మా దగ్గర పనిచేసి వెళ్ళిన కుర్రాళ్ళు అలాంటి చోట్ల ఇరుక్కున్నప్పుడు అప్పుడప్పుడూ ఫోను చేస్తారు. ఎక్స్ఛేంజి లేదు, డీస్లామ్ లేదు, పాత ఫోను తీగకు అటో మోడెం ఇటో మోడెం, రెండూ ఒకే కంపెనీవి, రెండూ కొత్తవి, లైను లేవడం లేదు. తీగ కొలిచావా అంటే కొలిచాం మేడం, బాగుందంటారు. ఏ మోడెంను ఎక్స్ఛేంజి వైపు పెట్టావు అని అడుగుతాను. కాసేపు చప్పుడుండదు. డబ్బాలోంచి తీసినప్పుడు రెండూ కస్టమరు వైపుగానే ఉంటాయి. ఎదుటివాడు మొదలెడతాడని రెండూ ఎదురుచూస్తుంటాయి. ఒకదాన్ని మార్చి, ఒకసారి ఆపి వేయమంటాను.